యూపీవీసీ తలుపు హ్యాండిల్ వాలిపోతోంది: కొత్తది కొనాలంటే ఏ కొలతలు చూడాలి?

రెడింగ్_గోదారి | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం అండి. మేం ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటాం. మా వీధి తలుపు తెల్ల యూపీవీసీది, అంటే గట్టి ప్లాస్టిక్‌ది, ఇల్లు కొన్నప్పటి నుంచీ అదే. నెల రోజులుగా లోపలివైపు హ్యాండిల్ వాలిపోతోంది. ఇదివరకు నొక్కి వదిలితే టక్కున పైకి వచ్చేది. ఇప్పుడు గడియారంలో నాలుగు గంటల ముల్లులా కిందికి చూస్తూ ఉండిపోతోంది. రాత్రి తాళం వేయాలంటే హ్యాండిల్ పైకెత్తాలి కదా, అదీ బిగుసుకుపోయి ఉంటోంది.

నాకు అలవాటైపోయింది కానీ, రాజమండ్రి నుంచి అమ్మ వచ్చింది. ఆవిడకి కుడి మణికట్టు ఒకసారి విరిగి అతికింది. రెండు చేతులతో పట్టుకుని ఎత్తుతోంది. మొన్న గురువారం చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్తే గాలికి తలుపు వెనక నుంచి మూసుకుపోయింది. మా తలుపుకి బయటివైపు ఉన్నది కదలని హ్యాండిల్. తాళంచెవి లేకుండా బయటి నుంచి తెరుచుకోదు. చెవి లోపల, ఫోను లోపల, మేమిద్దరం ఆఫీసులో. పక్కింటావిడ చూసి తన ఇంట్లోకి తీసుకెళ్లేదాకా ఇరవై నిమిషాలు చలిలో స్వెట్టర్ లేకుండా నిలబడింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండట్లేదు.

తాళాలు బాగుచేసే ఒకాయన్ని పిలిస్తే రెండు నిమిషాలు చూసి, లోపలి తాళం మొత్తం మార్చాలి, 280 పౌండ్లు అవుతుంది అన్నాడు. నాకు మూడు సందేహాలు. హ్యాండిల్ ఒక్కటే మారిస్తే సరిపోదా? షాపువాళ్లు 92 ఆ, 68 ఆ అని అడుగుతున్నారు, అదేం కొలత? బయటివైపు కూడా కదిలే హ్యాండిల్ పెట్టుకోవచ్చా?

లెస్టర్_తాళాలాయన | శనివారం, ఉదయం 10:05

ముందు అమ్మగారు బాగున్నారా? పెద్దవాళ్లు ఇలా బయట చిక్కుకుపోవడం ఇక్కడ చలికాలంలో చాలా చూశాను. నేను పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మొత్తం మార్చాలన్న మాట విని తొందరపడకండి. మీరు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు. వాలిపోవడం ఒకటి, ఎత్తేటప్పుడు బిగుసుకోవడం ఇంకొకటి. రెండూ ఒకేసారి కనబడ్డాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది.

తలుపు బార్లా తెరిచిపెట్టి హ్యాండిల్ పైకెత్తండి. తలుపు అంచు వెంట ఉన్న కొక్కేలో, రోలర్లో బయటికి వస్తాయి. అప్పుడు తేలిగ్గా లేచి, మూసినప్పుడు మాత్రమే బిగుసుకుంటే తాళంలో తప్పేం లేదు. తలుపు కొంచెం దిగి ఉంటుంది, ఆ కొక్కేలు చట్రంలో ఉన్న గాడుల్లోకి సూటిగా పోవట్లేదు. తెరిచి ఉన్నప్పుడు కూడా బరువుగా ఉంటే అప్పుడు గేర్‌బాక్స్‌ని, అంటే హ్యాండిల్ తిప్పితే ఆ కొక్కేల్ని కదిపే లోపలి పెట్టెని అనుమానించాలి. ఇది చూడకుండా ధర చెప్పేవాళ్లని నేను నమ్మను.

ఇక వాలిపోవడం. లోపలివైపు ప్లేటుకి పైన ఒకటి, కింద ఒకటి స్క్రూలు ఉంటాయి. తాళంచెవి తీసేయండి. ఒక చేత్తో బయటి హ్యాండిల్ పట్టుకుని ఆ రెండూ విప్పండి, లేకపోతే బయటిది జారి కింద పడుతుంది. మధ్యలో నలుపలకల ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని స్పిండిల్ అంటాం, 8 మిల్లీమీటర్లది. దాన్ని అక్కడే ఉంచి పట్టకారుతో కొంచెం కిందికి తిప్పి వదలండి. దానంతట అది వెనక్కి వస్తే గేర్‌బాక్స్‌లో స్ప్రింగ్ బాగుంది. వెనక్కి రాకపోతే కంగారు పడకండి, కొన్ని తాళాల్లో అసలు స్ప్రింగే ఉండదు, ఆ పని హ్యాండిల్‌లోని స్ప్రింగే చేస్తుంది. విప్పిన హ్యాండిల్‌ని చేతిలో పట్టుకుని తిప్పి చూడండి. ప్రతిఘటన లేకుండా వేలాడిపోతుంటే, లోపల గలగలమంటుంటే, స్ప్రింగ్ విరిగిందన్నమాట. అప్పుడు హ్యాండిల్ జత మారిస్తే చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. హ్యాండిల్ విప్పి ఉన్నంతసేపూ తలుపు మూయకండి. కాలిపట్టా మడిచి కింద దోపండి. గాలికి మూసుకుంటే ఈసారి ఇంట్లోవాళ్లు కూడా బయటికి రాలేరు.

పనిముట్ల_పెట్టె | శనివారం, ఉదయం 11:30

92 సంగతి నేను చెప్తాను, ఎందుకంటే అక్కడే నేను దెబ్బతిన్నాను. హ్యాండిల్ తిరిగే చోటు, అంటే ఆ నలుపలకల కడ్డీ నడిమధ్య నుంచి తాళంచెవి దూర్చే చోటు నడిమధ్యకి ఎంత దూరమో అదే పీజెడ్ కొలత. ఇంగ్లండులో ఎక్కువ తలుపులకి 92 మిల్లీమీటర్లే. కానీ 68, 70, 48 కూడా ఉన్నాయి. షాపులో వేలాడదీసినవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అదే మోసం.

నేను మొదటిసారి హ్యాండిల్ కింది అంచు నుంచి కొలిచాను. 76 వచ్చింది. దానికి దగ్గరగా ఏముందా అని 70 కొన్నాను. స్పిండిల్ దూరింది, స్క్రూ రంధ్రం మాత్రం కలవలేదు. రంధ్రం పెద్దది చేద్దామని డ్రిల్ చేత్తో పట్టుకున్నాను కూడా. మా ఆవిడ ఆపింది కాబట్టి తలుపు బతికింది. ఎప్పుడూ హ్యాండిల్‌కి సరిపడేలా తలుపుని తొలవకండి, తలుపుకి సరిపడే హ్యాండిల్‌నే వెతకండి.

ఇంకో మూడు కొలతలు రాసుకోండి. పై స్క్రూకి, కింది స్క్రూకి మధ్య దూరం ఒకటి. పొడుగు ప్లేట్లకి అది 211, 212, 215 అలా ఉంటుంది, పొట్టివాటికి 122 కూడా ఉంటుంది. రెండోది ప్లేటు పొడవు, వెడల్పు. కొత్త ప్లేటు పాతదానికన్నా చిన్నదైతే ఇన్నేళ్లూ ఎండ తగలక తెల్లగా మిగిలిన చారిక చుట్టూ కనబడుతుంది, పాత రంధ్రాలు కూడా. సమానమో, కాస్త పెద్దదో తీసుకోండి. మూడోది తలుపు మందం, స్క్రూల పొడవు దాన్నిబట్టే.

టేపుతో కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుందని భయమైతే, హ్యాండిల్ విప్పాక తెల్ల కాగితం తలుపు మీద అతికించి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దండి. రంధ్రాల అంచులన్నీ కాగితం మీద తేలతాయి. ఆ కాగితం షాపుకి పట్టుకెళ్లి కొత్త హ్యాండిల్ దాని మీదే పెట్టి చూసుకోవచ్చు. నేను ఇప్పటికి మూడు తలుపులకి ఇలాగే చేశాను, ఒక్కటి కూడా వెనక్కి ఇవ్వాల్సి రాలేదు.

మియాపూర్_మేడ | శనివారం, మధ్యాహ్నం 1:48

అన్నలూ, హైదరాబాద్ నుంచి ఇదే చోట అడగొచ్చా? మా ఫ్లాట్‌లో బాల్కనీ తలుపు యూపీవీసీ. ఒక రెక్క బయటికి తెరుచుకుంటది, లోపల దోమల జాలీ రెక్క ఇంకోటి. హ్యాండిల్ ఊగుతోంది. స్క్రూ తిప్పితే తిరుగుతనే ఉంటది, పట్టదు. కార్పెంటర్ వచ్చి రంధ్రంలో ఎంసీల్ కూరి మళ్లీ స్క్రూ కొట్టిండు. పది రోజులు ఆగింది. ఇప్పుడు రంధ్రం ఇంకా పెద్దగైంది. పైగా హ్యాండిల్ ముందుకి పొడుచుకొచ్చి జాలీ రెక్కకి తగుల్తోంది. మా పాప రెండున్నరేళ్లది, తలుపు సరిగ్గా పడట్లేదని ఆ గదిలోకే వదలట్లేం.

మేస్త్రీ_భీమవరం | శనివారం, మధ్యాహ్నం 3:20

బాబూ, ముందు పాప సంగతి. హ్యాండిల్ బాగయ్యేదాకా తలుపుకి పైన, పాపకి అందనంత ఎత్తులో ఒక టవర్ బోల్టు వేయించండి. ఆ మాట ముందు చెప్పాలి.

నేను ముప్ఫై ఏళ్లు టేకు తలుపులు చేసి, ఆఖరి పదేళ్లు యూపీవీసీ బిగించాను. కర్రకి అలవాటైన చెయ్యి ఇక్కడే తప్పు చేస్తుంది. కర్రలో స్క్రూకి కండ ఉంటుంది, వదులైతే పుల్ల కొట్టి మళ్లీ బిగిస్తాం. యూపీవీసీ లోపల డొల్ల. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, లోపల గదులు గదులుగా ఖాళీ. గట్టిదనం కోసం నడిమధ్యన జింకు పూత వేసిన స్టీలు గొట్టం దూరుస్తారు. స్క్రూ ఆ స్టీలుని పట్టుకుంటే ఏళ్లు ఉంటుంది. ఒట్టి ప్లాస్టిక్కుని పట్టుకుంటే నాలుగుసార్లు లాగేసరికి ఊడుతుంది. ఎంసీల్ ఎంత కూరినా దానికి వెనక ఆనుకోవడానికి ఏమీ లేదు కదా, లోపలి ఖాళీలోకి పోతుంది.

స్టీలు ఎక్కడుందో చూడ్డానికి పెద్ద పనేం లేదు, ఫ్రిజ్జు మీద అతికించే అయస్కాంతం ఒకటి తీసుకుని తలుపు మీద నెమ్మదిగా జరపండి. పట్టు తెలిసినచోట స్టీలుంది. తాళం గేర్‌బాక్స్ కూర్చునే చోట సాధారణంగా ఆ గొట్టాన్ని కోసేస్తారు, అక్కడ పట్టు తెలియదు. హ్యాండిల్ స్క్రూలు పడేది సరిగ్గా అక్కడే. అందుకే రెండువైపులా హ్యాండిల్ ఉన్న తలుపుకి ఒకవైపు నుంచి మొదలై అవతలి ప్లేటులోకి పోయే ఎం5 పొడుగు స్క్రూలు వేయాలి. రెండు ప్లేట్లూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, మధ్యలో ప్లాస్టిక్ మీద భారం పడదు. మీది ఒకవైపే హ్యాండిల్ అయితే, స్టీలు ఉన్నచోట రివెట్ నట్, అంటే రంధ్రంలో బిగుసుకుని ఉండిపోయే నట్టు, కొట్టించి దానికి ఎం5 స్క్రూ వేయించండి. దాన్ని కొట్టే గన్ను అల్యూమినియం పని చేసే కుర్రాళ్ల దగ్గర అడగండి.

జాలీకి తగలడం హ్యాండిల్ తప్పు కాదు, ఎంపిక తప్పు. రెండు రెక్కల మధ్య ఖాళీ కొలవండి. ప్లేటు మీద నుంచి హ్యాండిల్ ఎంత ముందుకి వస్తుందో దానికన్నా ఆ ఖాళీ కనీసం ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. చదునుగా ఉండే రకాలు దొరుకుతాయి.

కిటికీ హ్యాండిల్ అయితే ఇంత తిప్పలు లేదు. లోపలికి తెరుచుకునే యూరోపియన్ రకం కిటికీలకి స్క్రూల దూరం 43, కడ్డీ 7 మిల్లీమీటర్లు, ఎక్కువ కంపెనీలవి ఒకటే. 7 కడ్డీ, 8 కడ్డీ కలిపేయకండి. 8 రంధ్రంలో 7 పెడితే ముందు ఊగుతుంది, తర్వాత మూలలు అరిగి గుండ్రమవుతుంది.

విశాఖ_ఉప్పుగాలి | శనివారం, సాయంత్రం 6:15

మాది ఎంవీపీ కాలనీ, సముద్రం పక్కన. ఇక్కడ స్ప్రింగులూ స్క్రూలూ తర్వాత, ముందు ఉప్పు తినేస్తుంది. రెండేళ్లకే హ్యాండిల్ మీద క్రోము పొర బుడగలు లేచి, కింద తెల్లటి పొడి రాలడం మొదలైంది. ముట్టుకుంటే చేతికి గరుగ్గా సుద్దలా అంటుకుంటుంది. మేం స్టీలు అనుకున్నాం, అది జింకు మిశ్రమం మీద క్రోము పూత.

రెండోసారి కొనేటప్పుడు షాపులో అయస్కాంతం పెట్టి అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అన్నారు. ఆ పరీక్ష దేనికీ పనికిరాదు. జింకుకీ అంటుకోదు, 304, 316 అనే స్టెయిన్‌లెస్ స్టీలు రకాలకీ దాదాపు అంటుకోదు. సముద్రం దగ్గర కావలసింది 316, అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పుకి తట్టుకుంటుంది. ప్లేటు వెనక వైపు అచ్చు చూడాలి, లేదంటే కంపెనీ కాగితం అడగాలి. యూరప్ సరుకైతే ఈఎన్ 1670 అనే తుప్పు పరీక్ష ప్రమాణం గ్రేడు రాసి ఉంటుంది. 4వ గ్రేడంటే 240 గంటలు, 5 అంటే 480 గంటలు ఉప్పునీటి పొగమంచులో నిలిచిందని అర్థం. మాకు 5 తప్ప వద్దని తేల్చుకున్నాం.

స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. మా ఇంట్లో హ్యాండిల్ బాగుండి స్క్రూ తుప్పుపట్టి తల విరిగింది. పదిహేను రోజులకోసారి మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి పొడిగుడ్డతో ఒత్తుతున్నాం, అంతే.

స్లౌ_అద్దె_ఇల్లు | శనివారం, రాత్రి 8:02

అద్దెకున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, సొంత ఖర్చుతో విప్పకండి. ముందు ఓనరుకి మెయిల్ రాయండి. ఇంగ్లండులో ఏడేళ్ల లోపు అద్దె ఒప్పందాలకి, ఇంటి నిర్మాణం, బయటి భాగాల మరమ్మతు ఓనరు బాధ్యత అని 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. మా ఓనరు రెండు నెలలు నాన్చాడు. ఆ సెక్షన్ రాసి పంపాక వారంలో మనిషిని పంపాడు.

రెడింగ్_గోదారి | ఆదివారం, ఉదయం 11:40

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. ఈరోజు పొద్దున్నే అన్నీ చూశాను. అమ్మ పక్కన కూర్చుని స్క్రూలు గిన్నెలో వేసి పెట్టింది.

తలుపు తెరిచి ఉన్నప్పుడు హ్యాండిల్ వేలితో ఎత్తితే లేచింది! మూస్తే మళ్లీ బిగుసు. విప్పిన హ్యాండిల్ చేతిలో పట్టుకుంటే ఏ ఆధారమూ లేకుండా కిందికి వాలింది, ఊపితే లోపల చిన్న ముక్క కదిలిన చప్పుడు. స్పిండిల్‌ని పట్టకారుతో తిప్పితే మెల్లగా వెనక్కి వచ్చింది. కాగితం మీద పెన్సిల్ రుద్ది కొలిచాను: పీజెడ్ 92, స్క్రూల మధ్య 212, ప్లేటు 240 పొడవు, 30 వెడల్పు, తలుపు మందం 70. బయటివైపు హ్యాండిల్‌కి ఇంకో నలుపలకల రంధ్రం ఏదీ లేదు, ఒక్కటే రంధ్రం ఆరపారా కనబడుతోంది.

బయట కూడా కదిలే హ్యాండిల్ పెట్టుకోవచ్చా అన్నది ఇంకా తేలలేదు.

లెస్టర్_తాళాలాయన | ఆదివారం, మధ్యాహ్నం 12:25

చాలా బాగా చూశారు. గేర్‌బాక్స్ బతికే ఉంది, 280 పౌండ్లు మిగిలాయి.

ఒకే రంధ్రం, రెండువైపులా 92 అన్నారు కాబట్టి బయట కూడా కదిలే హ్యాండిల్ పెట్టుకోవచ్చు. స్పిండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి పొడుగ్గా ఉండేది అడగండి, ఇప్పుడున్నది సగమే ఉంటుంది. తలుపులో రెండు నలుపలకల రంధ్రాలు ఒకదాని కింద ఒకటి ఉండి, లోపల 92, బయట 62 వచ్చేవాళ్లు మాత్రం ఊహించి కొనకండి. అది వేరే రకం, దానికి దాని జతే కావాలి.

కదిలే హ్యాండిల్ పెడితే ఒక అలవాటు మార్చుకోవాలి. ఇదివరకు తలుపు నెట్టి వదిలేస్తే బయటివాళ్లు తీయలేకపోయేవారు. ఇకనుంచి తాళం తిప్పకపోతే ఎవరైనా నొక్కి లోపలికి వచ్చేయొచ్చు. పైకెత్తి వదిలేస్తే సరిపోదు, చెవి తిప్పాల్సిందే. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు కూడా.

అందుకే సిలిండర్, అంటే చెవి దూర్చే తాళం భాగం, కూడా మార్చమంటాను. లోపలివైపు చెవి బదులు తిప్పే బొడిపె ఉన్న రకం పెట్టండి. అమ్మగారు లోపల ఉండి తాళం వేసుకోవచ్చు, రాత్రి ఏదైనా మంటో పొగో వస్తే చెవి వెతుక్కోవాల్సిన పనిలేదు. తలుపుకి ఉత్తరాల కంత ఉంటే లోపలి నుంచి మూత పెట్టించండి, అందులోంచి చెయ్యి పెట్టి బొడిపె తిప్పే అవకాశం ఉండకూడదు.

సిలిండర్ మీద టీఎస్ 007 అనే ఇక్కడి భద్రతా ప్రమాణం మూడు నక్షత్రాలు ఉన్నాయో లేదో చూడండి. లేదంటే ఒక నక్షత్రం సిలిండర్‌కి రెండు నక్షత్రాల హ్యాండిల్ జత చేసినా మూడు వచ్చినట్టే. ఇక్కడ దొంగలు పొడుచుకొచ్చిన సిలిండర్‌ని పట్టుకుని విరగ్గొడతారు, కాబట్టి హ్యాండిల్ ప్లేటు దాటి అది 3 మిల్లీమీటర్ల కన్నా బయటికి రాకూడదు. తలుపు అంచులో సిలిండర్ ఎత్తులో పొడుగు స్క్రూ ఒకటే ఉంటుంది. దాని నడిమధ్య నుంచి బయటికి ఎంత, లోపలికి ఎంత అని విడివిడిగా కొలవండి. సిలిండర్‌ని రెండు అంకెలతో అమ్ముతారు, 40, 50 అలా. కొత్త ప్లేటు మందం పాతదానికన్నా ఎక్కువైతే అదీ కలుపుకోండి.

లెక్కల_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:10

మూసినప్పుడు మాత్రమే బిగుసుకుంటోందంటే ఏ పూట బిగుసుకుంటోందో కూడా గమనించండి. యూపీవీసీ మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మిల్లీమీటరు సాగుతుంది. 2.1 మీటర్ల తలుపు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు. కొక్కేనికి గాడిలో అంత చోటు ఉండకపోవచ్చు. మాది గుంటూరు, పడమటి వరండా తలుపు మేలో సాయంత్రం నాలుగింటికి ఎంత లాగినా పడదు, పొద్దున ఆరింటికి వేలితో పడుతుంది. మొదట్లో హ్యాండిల్ చెడిందనుకుని బలంగా నొక్కి ఒకటి విరగ్గొట్టుకున్నాం. ఇప్పుడు బయట వెదురు తడక దించుతున్నాం, సమస్య లేదు.

మేస్త్రీ_భీమవరం | ఆదివారం, సాయంత్రం 4:30

మాస్టారు చెప్పింది నిజమే. కానీ రెడింగ్ వాళ్లది చలి దేశం, అన్ని పూటలా బిగుసుకుంటోందంటే తలుపు దిగిందనే అనుకోవాలి.

తలుపు మూసి చుట్టూ సందు చూడండి. బందుల వైపు పైన సందు ఎక్కువై, తాళం వైపు మూలలో తలుపు పై అంచుకీ చట్రానికీ మధ్య కూడా ఎక్కువై, కింద గడపకి రాసుకుంటుంటే ముక్కు వాలినట్టే. బందుల మీద ప్లాస్టిక్ మూతలు ఉంటాయి, తీస్తే లోపల అలెన్ కీ పట్టే స్క్రూ కనబడుతుంది. ఎత్తుకి ఒకటి, పక్కకి ఒకటి. ఒకేసారి అర చుట్టు కన్నా ఎక్కువ తిప్పొద్దు. తిప్పడం, మూసి చూడడం, మళ్లీ తిప్పడం. ఎన్ని చుట్లు తిప్పారో గోడ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి, తప్పయితే వెనక్కి రావడానికి దారుండాలి.

దాంతో కూడా లేవకపోతే అద్దం చుట్టూ పెట్టిన ప్లాస్టిక్ ముక్కల్లో తేడా వచ్చింది. బందుల వైపు కింద ఒక ముక్క, తాళం వైపు పైన ఒక ముక్క ఉంటే అద్దమే మూల నుంచి మూలకి దూలంలా తలుపుని మోస్తుంది. ఆ ముక్కలు జారితే తలుపు వాలుతుంది. అది అద్దం బీడింగ్ తీసి చేసే పని, మీరు చేయకండి, తెలిసినవాళ్లని పిలవండి.

పనిముట్ల_పెట్టె | ఆదివారం, సాయంత్రం 5:05

బిగించేటప్పుడు డ్రిల్ మెషీను వాడకండి. రెండు స్క్రూలూ చేత్తో మొదలుపెట్టి, పైది కొంచెం, కిందిది కొంచెం, అలా ఒకదాని తర్వాత ఒకటి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరికి వెళ్తే ప్లేటు వంకరగా కూర్చుని హ్యాండిల్ రాసుకుంటుంది. గట్టిగా బిగిస్తే మంచిదనుకుంటాం, కానీ అతిగా బిగిస్తే తలుపు గోడలు లోపలికి నొక్కుకుపోయి కొత్త స్ప్రింగ్ కూడా వెనక్కి రాదు. స్క్రూలు పొడవెక్కువైతే అవతలి ప్లేటు అడుగు తగిలి బిగిసినట్టే అనిపిస్తుంది, ప్లేటు మాత్రం ఊగుతుంది. అప్పుడు నాలుగు మిల్లీమీటర్లు కోయాలి. ముందు ఒక నట్టు ఎక్కించి, కోశాక ఆ నట్టుని విప్పితే మరలు శుభ్రమవుతాయి.

రెడింగ్_గోదారి | తర్వాతి శనివారం, సాయంత్రం 7:20

పని అయ్యింది. వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని.

హ్యాండిల్ జత 32 పౌండ్లు, రెండువైపులా కదిలేది, స్ప్రింగు ఉన్నది. బొడిపె ఉన్న మూడు నక్షత్రాల సిలిండర్ 48. మేస్త్రీ గారు చెప్పినట్టు ముందు బందుల పని చూశాను. కింది బందు ఎత్తు స్క్రూ అర చుట్టు, మళ్లీ అర చుట్టు, ఇంకో అర చుట్టు, మొత్తం చుట్టున్నర తిప్పేసరికి గడపకి రాసుకునే చప్పుడు పోయింది. పాత వాలిపోయిన హ్యాండిల్‌తోనే ఎత్తి చూస్తే తేలిగ్గా లేచింది. అంటే బిగుసుకుపోవడం మొత్తం తలుపు దిగడం వల్లే, అంత బలంగా ఎత్తీ ఎత్తీ ఆ స్ప్రింగ్ విరిగి ఉంటుందని నాకు అనిపించింది.

తర్వాత సిలిండర్. అంచులో స్క్రూ తీసి లాగితే రాలేదు. చెవి నిటారుగా పెట్టి లాగుతున్నాను, అది తప్పట. చెవి కొంచెం, గడియారంలో ఐదు నిమిషాలంత పక్కకి తిప్పి లాగితే లోపలి నాలుక సిలిండర్‌తో సమంగా వచ్చి వెన్నలా బయటికి జారింది. లెస్టర్ అన్నకి ఫోటో పంపి అడిగితే రెండు నిమిషాల్లో చెప్పారు.

కొత్త హ్యాండిల్ బిగించాక తలుపు తెరిచే ఉంచి, ఎత్తడం, బొడిపె తిప్పడం, వెనక్కి తిప్పడం, నొక్కడం ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ టక్కున పైకి వచ్చింది. అప్పుడు మూశాను. మూశాక అమ్మని పిలిచాను. ఎడమ చేత్తో ఒక్కసారి ఎత్తింది, లేచింది. బొడిపె తిప్పింది. తీసి బయటికి వెళ్లి, వెనక్కి నెట్టి, మళ్లీ బయటి హ్యాండిల్ నొక్కి తనే లోపలికి వచ్చింది. అలా మూడుసార్లు వెళ్లొచ్చింది. ఒక చెవి పక్కింటావిడ దగ్గర కూడా పెట్టాం, అమ్మే వెళ్లి ఇచ్చింది, పులిహోర డబ్బాతో పాటు.

పాత హ్యాండిల్ వెనక మూత తీసి చూశాను. లోపల స్ప్రింగు చివర వంపు దగ్గర విరిగి రెండు ముక్కలుగా ఉంది. విరిగిన చోట ఒక సగం నల్లగా, ఒక సగం మెరుస్తూ ఉంది. సగం ఎప్పుడో విరిగి, మిగతాది ఈ నెల్లో తెగినట్టుంది.

మియాపూర్_మేడ | తర్వాతి శనివారం, రాత్రి 9:40

అక్కా, చదువుతుంటే మనసు నిండింది. మాది కూడా అయ్యింది. అయస్కాంతం జరిపితే పాత రంధ్రాల దగ్గర అసలు పట్టలేదు, వాటికి పై వైపు నాలుగు వేళ్ల దూరంలో పట్టింది. ఇంకో వైపు హ్యాండిల్ పెట్టడానికి బాల్కనీ వైపు చోటుంది కాబట్టి, మేస్త్రీ గారి మాట మీద రెండువైపుల హ్యాండిలే వేసి ఎం5 పొడుగు స్క్రూలతో కట్టించినం. జాలీకి ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ మిగిలింది. పైన టవర్ బోల్టు అలాగే ఉంచినం.

మేస్త్రీ_భీమవరం | ఆదివారం, ఉదయం 7:15

ఇద్దరికీ సంతోషం. రెడింగ్ అమ్మాయీ, బందులు తిప్పిన తలుపు నెలా రెండు నెలల్లో కాస్త సర్దుకుంటుంది. చలి బాగా ముదిరాక ఒకసారి సందులు మళ్లీ చూసుకోండి. కొక్కేల మీద, రోలర్ల మీద సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి హ్యాండిల్ నాలుగుసార్లు ఆడించండి. సిలిండర్ చెవి రంధ్రంలో మాత్రం నూనె పోయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి చిటికెడు చాలు.